సప్తర్షులకు ఉత్తరాన ఒక గెలాక్సీల గుంపు: హాన్లే యాత్ర

లేహ్‌లో దిగిన రోజు

లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా విమానంలో వచ్చినవాళ్లకి ఇక్కడ మొదటి పని బాగా నీళ్లు తాగి పడుకోవడం. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. నాతో వచ్చిన మా మేనల్లుడికి ఆ సాయంత్రమే ఊరంతా తిరిగెయ్యాలని ఉంది. "అత్తా, శాంతి స్తూపం దాకా నడిచొస్తా" అన్నాడు. వద్దన్నాను. ఈ ఎత్తులో మొదటి రోజే తొందరపడితే తలనొప్పి, వాంతులు పట్టుకుని మిగతా ప్రయాణమంతా పాడవుతుంది. మేం వచ్చింది హాన్లే చీకటి కోసం. ఆ చీకట్లో ఒకే ఒక్క గెలాక్సీల గుంపును తీరిగ్గా చూడడం కోసం.

దాన్ని ఎం 81 గుంపు అంటారు. (ఎం, ఎన్‌జీసీ, ఐసీ అనేవి ఆకాశ వస్తువుల జాబితాల పేర్లు, పక్కనున్న అంకె ఆ జాబితాలో వరుస సంఖ్య.) మన పాలపుంత, ఆండ్రొమెడా కలిసి ఉన్న స్థానిక గుంపు దాటి బయటికి వెళితే తగిలే దగ్గరి గుంపుల్లో ఇదొకటి. దూరం సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. చిన్నా పెద్దా కలిపి 30కి పైగా గెలాక్సీలు ఇందులో ఉన్నాయి. టెలిస్కోపు ఉన్నవాళ్లు చాలామంది వాటిలో రెండింటిని చూస్తారు, ఎం 81ని, ఎం 82ని. రెండూ ఒకే చూపులో పడతాయి, ఫొటోకి బాగుంటాయి. అక్కడితో ఆగిపోయి వేరే చోటికి టెలిస్కోపు తిప్పేస్తారు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఎం 82 ఎందుకు అంత చెదిరిపోయి ఉందో దాన్నొక్కదాన్నే చూస్తే తెలియదు. పక్కన ఎం 81 ఉండాలి, ఎవరూ పట్టించుకోని ఎన్‌జీసీ 3077 కూడా ఉండాలి.

రాత్రి గెస్ట్‌హౌస్ డాబా మీద నుంచి చూస్తే లేహ్ దీపాల మధ్య కూడా సప్తర్షి మండలం స్పష్టంగా కనిపించింది. మావాడికి దారి అక్కడే చూపించాను. మంచం ఆకారంలో ఉన్న నాలుగు నక్షత్రాల్లో పులస్త్యుడి నుంచి ఎదురు మూలలో ఉన్న క్రతువు దాకా ఒక గీత గీసి, ఆ గీతను అంతే పొడవు ముందుకు సాగదీస్తే ఎం 81 దగ్గరికి చేరతాం. "పెళ్లిలో చూపించే అరుంధతి ఏది?" అన్నాడు. తోక మధ్యలో ఉన్న వశిష్ఠుడి పక్కన చిన్న చుక్కని చూపించాను. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఎడం ఆకాశంలో మంచి కొలబద్ద. ఎం 81కీ ఎం 82కీ మధ్య దూరం దానికి మూడింతలు ఉంటుంది.

మర్నాడు, లేహ్‌లోనే

హాన్లే సరిహద్దు ప్రాంతం కాబట్టి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అది తీసుకుని, దాని జిరాక్స్ కాపీలు పెట్టుకుని, బజార్లో ఉన్ని గ్లవ్స్ కొన్నాం. ఎర్ర కాంతి ఇచ్చే తల టార్చీలు ఇంటి నుంచే తెచ్చుకున్నాం. మిగతా రోజంతా విశ్రాంతి.

హాన్లేకి ప్రయాణం

పొద్దున్నే బయల్దేరాం. కారూ, ఉప్శి దాటాక దారి సింధు నదిని వదలదు. ఒకవైపు ఊదారంగు కొండ, ఒకవైపు పచ్చటి నీళ్లు. చుమాతంగ్‌లో వేడి నీటి ఊటల దగ్గర ఆగి మ్యాగీ తిన్నాం. మాహే, న్యోమా, ఆ తర్వాత లోమా దగ్గర చెక్‌పోస్టు. అక్కడ నది దాటి దక్షిణానికి తిరిగితే హాన్లే. మైదానం మొదలయ్యాక రోడ్డుకి దూరంగా కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు, గుంపులుగా మేస్తూ కనిపించాయి. డ్రైవర్ అన్న బండి ఆపకుండానే వేలితో చూపించాడు. చీకటి పడకముందే ఊరు చేరాలని ఆయన పట్టుదల, ఎందుకంటే హాన్లే చుట్టూ రాత్రిపూట హెడ్‌లైట్లు వేసుకుని తిరగడం అక్కడివాళ్లకి నచ్చదు.

నచ్చకపోవడానికి కారణం ఉంది. 2022 డిసెంబరులో లద్దాఖ్ పాలనా యంత్రాంగం ఈ చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఇళ్ల కిటికీలకు మందపాటి తెరలు ఉంటాయి. బయట తెల్ల లైటు వెయ్యరు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ఇక్కడి యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు కూడా ఇచ్చింది. వచ్చినవాళ్లకి ఆకాశం చూపించడం ఇప్పుడు వాళ్లకొక ఉపాధి. చీకటిని కాపాడితే ఊరికి డబ్బు వచ్చే ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

మేం దిగిన ఇంట్లో పెద్దావిడని అందరూ అమా-లే అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. ఆవిడ థుక్పా పెట్టింది. పక్కింటి అమ్మాయి అలా శిక్షణ పొందినవాళ్లలో ఒకతె. 8 అంగుళాల డాబ్సోనియన్ రకం టెలిస్కోప్‌ను ఇద్దరం పట్టి బయట పెట్టాం. "దీదీ, ముందు ఇరవై నిమిషాలు కళ్లకి చీకటి అలవాటు కానివ్వండి" అని హిందీలో చెప్పి, నా ఫోన్ లోపల పెట్టించింది.

ఏప్రిల్‌లో ఎనిమిదిన్నర ప్రాంతంలో ఇక్కడ పూర్తి చీకటి పడుతుంది. సరిగ్గా అప్పుడే ఎం 81 ఉత్తరాన అత్యంత ఎత్తుకి, దాదాపు 54 డిగ్రీలకు చేరుతుంది. పైగా ఈ అక్షాంశం నుంచి అది ఎప్పుడూ అస్తమించదు. ధ్రువ నక్షత్రం చుట్టూ తిరిగి, కిందికి వచ్చినప్పుడు కూడా దిగ్మండలానికి పైనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి అయితే గరిష్ఠంగా 38 డిగ్రీలే, రోజులో కొంతసేపు దిగ్మండలం కిందికి మునుగుతుంది కూడా.

ముందు బైనాక్యులర్‌తో వెతికాను. చైత్ర అమావాస్య రోజులు, చంద్రుడు లేడు. నక్షత్రాలు ఎంత దట్టంగా ఉన్నాయంటే సప్తర్షుల్ని విడదీసి గుర్తుపట్టడానికే కాస్త సమయం పట్టింది. క్రతువు నుంచి ఆ గీత సాగదీసిన చోట రెండు మసక చుక్కలు, ఒకటి గుండ్రంగా, ఒకటి సన్నగా. బెర్లిన్‌లో యోహాన్ ఎలెర్ట్ బోడె 1774 డిసెంబరు 31న ఈ రెండింటిని మొదటిసారి చూశాడు. అవి ఏమిటో ఆయనకు తెలిసే అవకాశం లేదు. గెలాక్సీలు పాలపుంత బయట ఉన్నాయని రుజువు కావడానికి ఇంకా నూట యాభై ఏళ్లు పట్టింది.

టెలిస్కోపులో ఎం 81 కోడిగుడ్డు ఆకారంలో ఒక వెలుగు, మధ్యలో ప్రకాశవంతమైన కేంద్రం. ఫొటోల్లో కనిపించే సర్పిల చేతులు కంటికి అంత తేలిగ్గా దొరకవు. "నేరుగా చూడకండి, పక్కకి చూడండి" అంది అమ్మాయి. పక్కకి చూస్తే అంచులు విస్తరించి, వెలుగు మొదట కనిపించినదానికి రెట్టింపు అయింది. ఆ కేంద్రంలో సూర్యుడికి సుమారు 7 కోట్ల రెట్లు బరువున్న కృష్ణబిలం ఉంది.

మావాడు కంటద్దం దగ్గర చాలాసేపు ఉండి, "ఇది ఎప్పటి వెలుగు?" అని అడిగాడు. 1.2 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు అది. అప్పటికి శివాలిక్ కొండల్లో శివపిథెకస్ అనే వానరజాతి చెట్ల మీద తిరుగుతోంది. మనిషి ఇంకా లేడు.

అబ్జర్వేటరీ కొండ

పొద్దున్నే కొండ ఎక్కాం. 4,500 మీటర్ల ఎత్తున, తెల్లటి గుమ్మటంలో 2 మీటర్ల అద్దంతో హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన ఈ టెలిస్కోపు 2000 సెప్టెంబరులో తొలి వెలుగు చూసింది. రాత్రిపూట దీన్ని నడిపేది ఇక్కడి నుంచి కాదు. బెంగళూరు దగ్గర హొసకోటెలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. గాలి పల్చగా, పొడిగా ఉండే చోటు కాబట్టి దీన్ని ఇక్కడ కట్టారు, కానీ అదే గాలిలో మనుషులు రోజుల తరబడి పని చేయడం కష్టం.

మేం చూసిన ఎం 82ని ఈ టెలిస్కోపు కూడా చూసింది. 2014 జనవరి 21న లండన్ విశ్వవిద్యాలయం అబ్జర్వేటరీలో స్టీవ్ ఫాసీ తన విద్యార్థులకు టెలిస్కోపు వాడకం నేర్పుతున్నాడు. మబ్బులు కమ్ముకొస్తుంటే మిగిలిన కాస్త ఖాళీలో ఎం 82 వైపు తిప్పాడు. అందులో ముందు లేని ఒక నక్షత్రం ఉంది. అది ఎస్ఎన్ 2014జె అనే సూపర్నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం. సూపర్నోవాల్లో టైప్ 1ఎ అనే రకంలో కొన్ని దశాబ్దాల్లో మనకు ఇంత దగ్గరగా పేలినది లేదు. ఆ వెలుగు పెరిగి, తగ్గుతూ పోయిన తీరును హాన్లే నుంచి జి.సి. అనుపమ తదితరులు వారాల తరబడి నమోదు చేశారు. ఆ గుమ్మటం ముందు నిలబడి ఈ సంగతి చెప్పుకోవడం నాకు గర్వంగా అనిపించింది.

గుమ్మటానికి దిగువన కొంచెం దూరంలో మేస్ టెలిస్కోపు. 21 మీటర్ల వ్యాసంలో చిన్న చిన్న అద్దాలు పేర్చిన పెద్ద పళ్లెం. భాభా అణు పరిశోధన కేంద్రం దీన్ని మన హైదరాబాద్ ఈసీఐఎల్, ఇతర పరిశ్రమలతో కలిసి కట్టింది. 2024 అక్టోబరులో ప్రారంభించారు. గామా కిరణాలు, అంటే అత్యంత శక్తిమంతమైన కాంతి, వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే నీలి మెరుపుల్ని ఇది పట్టుకుంటుంది. ఇలాంటి టెలిస్కోపులకీ ఎం 82కీ సంబంధం ఉందని నేనంటే మావాడికి అర్థం కాలేదు. కారణం ఇది: 2009లో అమెరికాలోని వెరిటాస్ టెలిస్కోపులు ఎం 82 నుంచి గామా కిరణాల్ని పట్టాయి. అక్కడ నక్షత్రాలు విపరీతమైన వేగంతో పుడుతున్నాయి, వాటిలో భారీవి త్వరగా పేలిపోతున్నాయి. ఆ పేలుళ్ల శకలాల దగ్గర కణాలు కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తి, చుట్టూ ఉన్న వాయువును ఢీకొని గామా కిరణాల్ని పుట్టిస్తాయి.

ఆ రాత్రి ఎం 82కే ఎక్కువ సమయం ఇచ్చాం. ఎం 81 కన్నా చిన్నది, కానీ చూడ్డానికి ఎక్కువ వివరం ఉంటుంది. దాదాపు అంచు నుంచే కనిపిస్తుంది కాబట్టి సన్నటి గీతలా ఉంటుంది. మధ్యలో నల్లటి ధూళి అడ్డంగా కోసినట్టు ఒక పగులు. పగులుకి రెండు వైపులా వెలుగు ముద్దలు ముద్దలుగా ఉంది. కేంద్రం నుంచి పైకీ కిందికీ వేలాది కాంతి సంవత్సరాల దాకా వేడి వాయువు ఎగజిమ్ముతోంది. ఆ ఎర్రటి పోగులు కంటికి కనిపించవు, హైడ్రోజన్ వెలుగులో తీసిన ఫొటోల్లోనే తెలుస్తాయి. చాలాకాలం దీన్ని ఏ ఆకారమూ లేని గెలాక్సీ అనుకున్నారు. 2005లో మెక్సికోలో పనిచేసే వై.డి. మయ్య బృందం పరారుణ కాంతిలో ధూళిని దాటి చూసి, దీనికి కూడా రెండు సర్పిల చేతులు ఉన్నాయని చూపించింది.

ఎన్‌జీసీ 3077 దొరకడానికి పెద్ద కష్టం లేదు. ఎం 81కి తూర్పున, ఒక చిన్న నక్షత్రం పక్కన గుండ్రటి మసక. "ఇంతేనా?" అన్నాడు మావాడు. ఇంతే, ఈ రాత్రికి. ఎన్‌జీసీ 2976 కూడా చూశాం, పొడవుగా, మధ్యలో ప్రకాశం లేకుండా మెత్తగా ఉంది.

మబ్బు పట్టిన రోజు

మధ్యాహ్నం నుంచి గాలి, సాయంత్రానికి మంచు రేకలు. టెలిస్కోపు లోపలే ఉండిపోయింది. పొయ్యి చుట్టూ కూర్చున్నాం. నేను లాప్‌టాప్‌లో దాచుకున్న ఒక బొమ్మ తీశాను. నాకు ఈ గుంపు మీద ఇంత ఇష్టం పుట్టింది ఆ బొమ్మ వల్లనే.

1994లో మిన్ యున్, పాల్ హో, ఫ్రెడ్ లో అనే ముగ్గురు న్యూమెక్సికోలోని రేడియో టెలిస్కోపుల వరుసతో ఈ ప్రాంతాన్ని 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో చూశారు. చల్లటి హైడ్రోజన్ వెలువరించే తరంగం అది. నిన్న మేం కంటద్దంలో చూసినప్పుడు మూడు గెలాక్సీలు, మధ్యలో ఏమీ లేని నల్లటి ఆకాశం. రేడియో బొమ్మలో ఆ నల్లటి చోటంతా నిండి ఉంది. ఎం 81 చేతుల నుంచి వాయువు పొడుగ్గా సాగి ఎం 82 వైపు వెళ్లింది. ఇంకో పాయ తిరిగి ఎన్‌జీసీ 3077ని చుట్టుకుంది. మూడూ ఒకే అల్లికలో ఉన్నాయి.

మావాడు బొమ్మను పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. "అంటే మూడూ ఒకదాన్నొకటి లాక్కున్నాయా?" అవును. కొన్ని పదుల కోట్ల ఏళ్ల కిందట ఇవి ఒకదాని పక్క నుంచి ఒకటి దగ్గరగా దూసుకుపోయాయి. గురుత్వాకర్షణ ముందుగా అంచుల్లో వదులుగా ఉన్న వాయువును లాగేసింది, నక్షత్రాలు చాలావరకు ఉన్నచోటే ఉండిపోయాయి. అందుకే కంటికి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. చిన్నదైన ఎం 82లో వాయువు కుదుపుకి కేంద్రంలోకి జారి నక్షత్రాల పుట్టుకకు నిప్పు అంటించింది. ఆ పోగులు, సూపర్నోవాలు, గామా కిరణాలు, అన్నిటికీ మొదలు ఈ పొరుగువాడితో రాపిడి. ఎన్‌జీసీ 3077 చెదిరి ఉండడానికీ, దాని వాయువులో ఎక్కువ భాగం పక్కకి జరిగి ఉండడానికీ కారణం అదే. నిన్న "ఇంతేనా" అన్న మసక చుక్క ఈ కథలో మూడో మనిషి.

ఎం 81 పక్కనే హోమ్‌బెర్గ్ 9 అని ఒక చిన్న గెలాక్సీ ఉంది, మా టెలిస్కోపుకి అందనంత మసకైనది. దానిలో కనిపించే నక్షత్రాలు చాలావరకు 20 కోట్ల ఏళ్ల లోపు వయసువి. పెద్దవాటి నుంచి ఊడిపడిన వాయువు గడ్డకట్టి ఇది తయారై ఉండవచ్చని ఎక్కువమంది నమ్ముతున్నారు, నాకూ అదే సబబనిపిస్తుంది. గెలాక్సీలన్నీ విశ్వం తొలినాళ్లలోనే పుట్టాయని చిన్నప్పుడు చదువుకున్న నాకు, భూమ్మీద డైనోసార్లు తిరుగుతున్నప్పుడు ఒక గెలాక్సీ పుట్టి ఉండవచ్చన్న ఆలోచన ఇప్పటికీ ఆశ్చర్యమే.

పక్కింటి అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది. గెలాక్సీలన్నీ మన నుంచి దూరంగా పోతున్నాయని శిక్షణలో చెప్పారట, మరి ఇవి? ఎం 82 సెకనుకు సుమారు 200 కి.మీ. వేగంతో దూరం జరుగుతోంది. ఎం 81 మాత్రం సెకనుకు 34 కి.మీ. మనవైపే వస్తున్నట్టు కొలతల్లో తేలుతుంది. సూర్యుడు పాలపుంత చుట్టూ తిరిగే కదలిక కొంత, గుంపులో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కదలిక కొంత కలిసి, విశ్వ విస్తరణను ఇంత దగ్గరలో కప్పేస్తాయి.

ఎం 81లో ఇంకో చిత్రం 2020లో బయటపడింది. కెనడాలోని చైమ్ రేడియో టెలిస్కోపు అటునుంచి సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని రేడియో పేలుళ్లను పట్టింది. తర్వాత యూరప్ టెలిస్కోపులు కలిసి చోటు వెతికితే, అది ఎం 81కి చెందిన ఒక గోళాకార నక్షత్ర గుచ్ఛం, అంటే బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు. అలాంటి గుచ్ఛాల్లో అన్నీ ముసలి నక్షత్రాలే. ఈ పేలుళ్లకు, వయసు తక్కువున్న భారీ నక్షత్రాలు పేలి కొత్తగా మిగిల్చే అయస్కాంత నక్షత్రాలే (మాగ్నెటార్లే) కారణమన్న లెక్క అక్కడ అంత తేలిగ్గా కుదరదు. అమా-లే ఇదంతా వింటూ మాకు బటర్ టీ పోస్తూనే ఉంది. అర్థమైందా అని అడిగితే, మబ్బు తెల్లారేలోపు పోతుందని చెప్పింది.

ఆఖరి రాత్రి

ఆవిడ చెప్పినట్టే అయింది. మర్నాటి సాయంత్రానికి ఆకాశం కడిగినట్టు ఉంది. ఆ రాత్రి గుంపు అంచుల్లో ఉన్నవాటి కోసం కేటాయించాం.

ముందుగా వాయవ్యానికి వాలుతున్న ఎన్‌జీసీ 2403. మిగతావాటికి బాగా ఎడంగా, వేరే నక్షత్ర మండలంలో ఉంటుంది. అయినా ఈ గుంపుదే, ఒక కోటి కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో. వెడల్పైన మసక వెలుగు, దానికి అటూ ఇటూ మన పాలపుంత నక్షత్రాలు రెండు. దీని గొప్పతనం కొలతలో ఉంది. వెలుగు క్రమంగా పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాలు ఎంత నిదానంగా మినుకుమంటే అసలు ప్రకాశం అంత ఎక్కువ అని 1912లో హెన్రియెటా లీవిట్ చూపించింది. అసలు ప్రకాశం తెలిస్తే, మనకు కనిపించే ప్రకాశంతో పోల్చి దూరం చెప్పవచ్చు. స్థానిక గుంపు బయట అలాంటి నక్షత్రాల్ని గుర్తించి దూరం లెక్కకట్టిన మొదటి గెలాక్సీ ఇదే. 1968లో గుస్టాఫ్ టామన్, అలన్ శాండేజ్ ఆ ఫలితం ప్రచురించారు. 2004లో జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి ఇందులో ఒక సూపర్నోవాని కనిపెట్టాడు.

తర్వాత ఐసీ 2574. 1898లో ఎడ్విన్ కాడింగ్టన్ లిక్ అబ్జర్వేటరీలో ఫొటో పలక మీద కనిపెట్టాడు. ఇది ఎం 81 దగ్గరే ఉంటుంది, కానీ వెలుగు బాగా పలచన. టెలిస్కోపును మెల్లగా అటూ ఇటూ కదిపితే, ఆకాశం రంగు ఒకచోట కొద్దిగా మారుతుంది. అదే అది. అమ్మాయి ముందు పట్టుకుంది, తర్వాత నేను. మావాడికి కళ్లు చీకటికి పూర్తిగా అలవాటయ్యాక దొరికింది. "ఉంది అత్తా, ఉంది!" అని వాడు అరిస్తే పక్క ఇంట్లో కుక్క మొరిగింది. హైడ్రోజన్ బొమ్మల్లో ఈ గెలాక్సీ నిండా పెద్ద పెద్ద ఖాళీ గుల్లలు కనిపిస్తాయి. కలిసి పుట్టి కలిసి పేలిన నక్షత్రాలు ఊది చేసిన ఖాళీలు కావచ్చు. ఇలాంటి చిన్న గెలాక్సీల హైడ్రోజన్‌ను పుణె దగ్గరి రేడియో టెలిస్కోపుల వరుస జీఎమ్ఆర్‌టీ కూడా శ్రద్ధగా కొలుస్తూ వచ్చింది.

పది దాటాక ఎన్‌జీసీ 4236 పైకి వచ్చింది, కాళీయ మండలంలో సన్నటి పొడవాటి గీత. సుమారు 1.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, గుంపుకి అవతలి కొసన ఉంటుంది. ఎన్‌జీసీ 2403 నుంచి దీని దాకా చేతిని చాపి చూపిస్తే ఉత్తరాకాశంలో పెద్ద ముక్క అయింది. మావాడు ఆ వెడల్పు చూసి, "ఇదంతా ఒక గుంపా!" అన్నాడు. నేను కోరుకున్నది ఆ మాటే.

తిరుగు ప్రయాణం

లేహ్ దాకా మళ్లీ సింధు పక్కనే. మావాడు దారంతా పుస్తకంలో చూసినవాటి బొమ్మలు గీశాడు, ఒక పేజీలో ఏడు. ఎం 81, ఎం 82, 3077 మధ్య పెన్సిల్‌తో హైడ్రోజన్ పాయలు కూడా కలిపాడు.

హాన్లే దాకా రాలేనివాళ్లు ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఫిబ్రవరి నుంచి మే దాకా, అమావాస్య దగ్గర రోజుల్లో, ఉత్తరం వైపు ఊరి దీపాలు లేని పొలం గట్టు చాలు. ఏప్రిల్‌లో అయితే రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య చూడండి. 10×50 బైనాక్యులర్‌కి ఎం 81, ఎం 82 అందుతాయి. 6 అంగుళాల టెలిస్కోపు ఉంటే ఎన్‌జీసీ 3077ని తప్పకుండా వెతకండి. ఎం 81 నుంచి తూర్పుకి, వశిష్ఠ అరుంధతుల ఎడానికి నాలుగింతలు.